మజ్జిగలో చేదు

మరిపెడ,
2 ఆగస్టు 2025

భిక్షపతి అన్నకు, చెల్లెలు మనోరమ మరిపెడ నుంచి దండాలు పెట్టి రాస్తున్నది. చిట్యాలలో వదిన, పిల్లలు, నీ మెడికల్ షాపు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బతికే ఉన్నాం. రాఖీ కవరే కదా అని తొందరపడకు. లోపలున్నది ఉత్తరం మొత్తం చదివాకే విప్పు.

నా గుండెదడ సంగతి నీకు తెలుసు. మా హోల్‌సేల్ కొట్టులో గల్లా దగ్గర కూర్చుంటే చేతులు వణకడం, ఊపిరాడకపోవడం, ఇప్పుడే చచ్చిపోతానేమోనని భయం. అత్తమ్మ గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పింది. చివరికి నేనే బస్సెక్కి మహబూబాబాద్ వెళ్లి శోభారాణి డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఇది ఆందోళన జబ్బు, పిచ్చి కాదమ్మా అంది. రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోవాలట. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పుతుంది, అయినా ఆపొద్దు అంది. ఉబ్బసం లేదు కదా అని అడిగి, దడ మరీ ఎక్కువైతే వేసుకోవడానికి ఇంకోటి రాసింది. నిద్రమాత్రలు మాత్రం రాయనంది. వాటికి అలవాటు పడితే బయటపడటం కష్టమట.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఒకటే వెక్కిరింపు. గిదేం మందే, ఏస్కోంగనే పండుకోవాలె గని, గిట్ల వారాలకు వారాలు ఎదురు చూసుడేంది అని. మీ బావ తలూపాడు. ఆయనకు పెళ్లాం బాగుపడటం కాదు, చప్పుడు చేయకుండా పడుండటం కావాలి.

మీ బావ సరుకుకని మీ చిట్యాల దిక్కు వచ్చి వెళ్లినప్పటి నుంచి సాయంత్రం మజ్జిగ తాగితే చాలు, కళ్లు మూతలు పడేవి. మొన్న పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి అక్కడే ఒరిగిపోయాను. నా బిడ్డ నిఖిత వచ్చి గ్యాస్ కట్టేయకపోతే ఇద్దరం మాడిపోయేవాళ్లం. డాక్టరమ్మకు చెబితే, నేనిచ్చిన మందుకు గింత మత్తు రాదు, ఇంకేమన్నా ఏసుకుంటున్నవా అని అడిగింది.

అప్పుడు కాపు కాశాను. అత్తమ్మ యాలకులు దంచే చిన్న రోట్లో నిద్రమాత్ర నూరి నా గ్లాసులో కలుపుతోంది! చేదు తెలియకుండా పైన ఇంత సొంఠి పొడి. థూ! దేవుడి ప్రసాదానికి యాలకులు నూరే రోలన్నా అది. నిలదీస్తే సిగ్గయినా పడలేదు. నీ మంచికే గదనే, ఇల్లంత పరేషాన్ గాకుంట ఉంటది అంది. మీ బావ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

వాళ్ల సంగతి సరే. ఆ మాత్రలు అమ్మినవాణ్ని మాత్రం వదిలిపెట్టబుద్ధి కావడం లేదు. డాక్టరు చీటీ లేదు, ఎవరికి, ఎందుకు అన్న మాట లేదు. పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తులు తిప్పిన చేతులతోనే ఇస్తాడు కాబోలు! వాడింట్లో ఆడపిల్లలు లేరా? నువ్వూ అదే వ్యాపారంలో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను, అలాంటివాణ్ని ఏమనాలన్నా?

ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టరమ్మ తనే చూసుకుంటూ ఆ నిద్రమాత్రల మోతాదు మెల్లగా తగ్గిస్తోంది. పొద్దుటి మాత్ర నడుస్తోంది. దడ కొంచెం నయం. నా మజ్జిగ నేనే చిలుక్కుంటున్నాను. వదినకు నా మాటగా ఏమీ చెప్పకు, ఆమె మంచిది.

నీ తోడబుట్టినది,
మనోరమ

తా.క.: ఇప్పుడు విప్పు. మాత్రలు డాక్టరమ్మకు ఇచ్చేశాను, ఇది వాటిని చుట్టిన పొట్లం. గసగసాల డబ్బా వెనక దొరికింది. దారం లేకుండా, తోక లోపలికి దోపిన మడత. మన పుట్టింటి కిరాణా కొట్టులో జీలకర్ర పొట్లాలు అట్లా కట్టడం బాపు మనిద్దరికే నేర్పాడు. ఇది నేను కట్టింది కాదు. ఈ ఏడు నీకు రాఖీ లేదు.