సొట్టబుగ్గ ఏ పక్కన?

మార్చి 3, సోమవారం

యార్డు మారుస్తున్నారు. గోడకి నోటీసు అంటించారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఊరి బయట, ఎయిర్‌పోర్టు వెనక. ఇంటి నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. అటు ఒక్క బస్సూ పోదు. మరి మేమెలా రావాలండీ అని మేనేజర్‌ని అడిగాను. ఎవరి ఏర్పాటు వాళ్ళదేనమ్మా, రాలేనివాళ్ళు ముందే చెప్పేస్తే వేరేవాళ్ళని చూసుకుంటాం అన్నాడు. ఆ మాట కంప్యూటర్‌తో అన్నాడు, నా వైపు చూడలేదు.

ఐదేళ్ళ ఉద్యోగం. అద్దె కార్లు బయటికి వెళ్ళేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ చుట్టూ తిరిగి, ఎక్కడ గీత పడిందో ఎక్కడ సొట్ట పడిందో రాయడం నా పని. ఆ ఫారాన్ని మేం మచ్చల కాగితం అంటాం. నన్ను చూడగానే కస్టమర్ల మొహాలు మాడిపోతాయి. పోనీ. గోటితో గీరిన గీత కూడా నా కంటి నుంచి తప్పించుకోదని యార్డంతా పేరు. అలాంటి ఉద్యోగం బస్సు లేక పోగొట్టుకోవాలా? ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 4, మంగళవారం

ఇంకో నోటీసు. పాత కార్లు పన్నెండు అమ్మేస్తారట. ఇరవయ్యో తారీఖు దాకా స్టాఫ్‌కి ముందు, ఆ తర్వాత బయటివాళ్ళకి.

లిస్టులో 31 నంబర్ కారు ఉంది.

అదే రోజు, సాయంత్రం ఐదు

31 గురించి రాయకుండా ఉండలేను. నేనూ అదీ ఒకే రోజు యార్డుకి వచ్చాం. నా మొదటి మచ్చల కాగితం దానిదే. కొత్త కారు, ట్రక్కు మీంచి దింపుతుంటేనే వెనక తలుపుకి అరచేతి వెడల్పున సొట్ట పడింది. కార్లు కడిగేవాళ్ళు దానికి సొట్టబుగ్గ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంతగా అంటుకుపోయిందంటే మేనేజర్ కూడా ఫోన్‌లో సొట్టబుగ్గ ఇంకా రాలేదా అంటాడు. హనీమూన్‌కి వెళ్ళింది, సామాన్ల షిఫ్టింగ్‌కి వెళ్ళింది, ఒకసారి లోపలంతా కుక్క వెంట్రుకలతో వచ్చింది. ఏ రోజూ తోయించుకుంటూ మాత్రం రాలేదు.

ధర మా తాహతుకి అందేలాగే ఉంది. అడ్డంకి అది కాదు.

మార్చి 6, గురువారం

ఇంట్లో చెప్పాను. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తారు. ఏ పనికైనా ముందు భూతద్దం తీసే మనిషి. అద్దె కారంటే నానా రకాల వాళ్ళూ తొక్కేసి ఉంటారు, తమది కానిదాన్ని ఎవరు జాగ్రత్తగా నడుపుతారు అన్నారు. అత్తయ్య వెంటనే అందుకున్నారు. మనం ముప్పై ఏళ్ళుగా అద్దె ఇళ్ళల్లోనే ఉన్నాం కదరా, ఒక్క గోడకైనా అనవసరంగా మేకు కొట్టామా అని.

తర్వాత ఆయన మెల్లిగా, అది సరే, నడిపేదెవరు అన్నారు. ఎత్తిపొడుపు కాదు. ఆయనకి డ్రైవింగ్ రాదు. లైసెన్స్ ఉన్నది నాకే. ఆ లైసెన్స్ బీరువాలో చీరల కింద ఉంది.

చెప్పుకుంటే సిగ్గుచేటు. యార్డులో కార్లు ముందుకీ వెనక్కీ జరుపుతాను. గేటు దాటి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎనిమిదేళ్ళ కిందట, లైసెన్స్ వచ్చిన వారానికి, ఇరుకు సందులో కారు ఇరుక్కుంటే పక్కన కూర్చున్న డ్రైవింగ్ మాస్టారు దిగి, ముందు నిలబడి, చేతులూపుతూ ఎడమకి, ఎడమకి అని అరిచాడు. నేను తిప్పాను. తిన్నగా పూలకుండీల షాపులోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పదిహేడు కుండీలు పగిలాయి. నీకు కుడి ఎడమలు తెలియవమ్మా, నడపకు అన్నాడు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ అదొక జోకు. నేనూ నవ్వుతాను. రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోవాలంటే మాత్రం చేతులకి చెమటలు పడతాయి.

మార్చి 9, ఆదివారం

కలలో కుండీలు.

మార్చి 11, మంగళవారం

మేనేజర్‌కి చెప్పాను, 31 నాకు అట్టేపెట్టమని. నడుపుతావా అని కనుబొమలెగరేశాడు. నడుపుతాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

గురువారం మెకానిక్‌ని తీసుకొస్తానని మా ఆయన అన్నారు. ఆ మెకానిక్‌ని అందరూ చెవి మాస్టారు అంటారు. బానెట్‌కి చెవి ఆనించి వింటాడట, డాక్టరు గుండె విన్నట్టు.

మార్చి 13, గురువారం

చెవి మాస్టారు వచ్చాడు. నిజంగానే చెవి ఆనించాడు. పావుగంట విన్నాడు. ఇంజన్ బంగారం అన్నాడు. కిందికి దూరి చూశాడు, టైర్లు తట్టాడు, స్టెప్నీ బయటికి తీశాడు. నాకు లోపల పండగ్గా ఉంది.

అప్పుడు మచ్చల కాగితాలు అడిగాడు. మేనేజర్ ఈ మధ్యవి ఓ కట్ట ఇచ్చాడు. అన్నింటి మీదా నా రాతే. చెవి మాస్టారు ఒక్కొక్క మచ్చా చదువుతూ కారు చుట్టూ తిరిగాడు. వెనక బంపర్ గీత, ఉంది. ముందు అద్దం మూల పెచ్చు, ఉంది. ఎడమ వెనక తలుపు సొట్ట.

ఎడమ వెనక తలుపుకి సొట్ట లేదు. అద్దంలా ఉంది.

అతను వేళ్ళతో తడిమాడు. కొట్టి చూశాడు. కుడివైపుకి వెళ్ళాడు. అక్కడ సొట్ట ఉంది, కాగితంలో లేదు. మా ఆయన్ని పక్కకి పిలిచి, ఈ ఎడమ తలుపు మార్చేశారు సార్, బండికి గట్టి యాక్సిడెంటే అయ్యుంటుంది, కుడివైపు దెబ్బ దాచిపెట్టారు, నా మాట విని వదిలేయండి అన్నాడు. గుసగుసే గానీ నాకు స్పష్టంగా వినబడింది.

ఐదేళ్ళుగా నా కళ్ళ ముందు తిరిగిన కారు. దానికి యాక్సిడెంట్ అయితే నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? మేనేజర్ నా దగ్గర దాచాడా? లేక నా కళ్ళే అంతంత మాత్రమా? మా ఆయన కాగితాలు నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది.

మార్చి 14, శుక్రవారం

వద్దనుకున్నాం.

మార్చి 15, శనివారం

మేనేజర్‌తో ముభావంగా ఉన్నాను. అతను కారణం అడగలేదు. ఈ నెలాఖరుకి మానేస్తానని ఉత్తరం రాసుకున్నాను. ఇంకా ఇవ్వలేదు, బ్యాగులో ఉంది.

అత్తయ్య అడిగారు, ఆ సొట్టబుగ్గ పిల్ల సంగతి ఏమైందే అని. సంబంధం తప్పిపోయింది అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళాను.

మార్చి 17, సోమవారం

ఇది పూర్తిగా రాయాలి.

షిఫ్టింగ్ కోసం పాత ఫైళ్ళు అట్టపెట్టెల్లో సర్దమన్నారు. అడుగున నా మొదటి రోజు కాగితాలు దొరికాయి. మూడే మూడు. మొదటిది 31ది. రెండోదాని మీద మేనేజర్ ఎర్ర ఇంకుతో రాసి ఉంది: ఎడమ అంటే లోపల కూర్చున్నవాళ్ళ ఎడమ, ఎదురుగా నిలబడ్డవాళ్ళ ఎడమ కాదు.

అంతా గుర్తొచ్చింది. ఆ రోజు కారు మూతికి ఎదురుగా నిలబడి, నా ఎడమ చేతి వైపు ఉన్న తలుపుని ఎడమ తలుపు అని రాశాను. అది కారుకి కుడి. మేనేజర్ పట్టుకుని మిగతా రెండూ దిద్దించాడు. 31 మాత్రం అప్పటికే కస్టమర్‌తో వెళ్ళిపోయింది. నెల తర్వాత తిరిగొచ్చింది. పాత కాగితం చూసి కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఆ తర్వాతా అంతే. సొట్టబుగ్గ సొట్ట ఎక్కడుందో నాకు కొత్తగా చూడాలా ఏమిటి? పాతదే అని టిక్కు కొట్టేదాన్ని. కాగితంలో ఒక సొట్ట, కారుకి ఒక సొట్ట. లెక్క సరిపోయేది.

తలుపు మార్చలేదు. యాక్సిడెంట్ కాలేదు. గోటి గీత కూడా వదలని నేను, ఐదేళ్ళు ఒక తలుపుని ఇంకో తలుపనుకున్నాను!

మొహం చెల్లకపోయినా వెళ్ళి మేనేజర్‌కి చెప్పాను. అతను చాలాసేపు ఆ కాగితాలే తిరగేశాడు. ప్రతిదాని కిందా నా సంతకం కూడా ఉందమ్మా అన్నాడు. తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే కౌంటర్‌లో కస్టమర్ లేచి నిలబడి తొంగి చూశాడు.

మార్చి 18, మంగళవారం

ఆయనకి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పనిలో చేరిన కొత్తలో తనూ అదే చేశారట. ఎదురుగా కూర్చున్న ముసలాయన కుడి కన్ను తనకి ఎడమవైపు కనబడుతుంది కదా, అద్దాలు అటుదిటూ ఇటుదటూ బిగించేశారు. పాపం ఆ పెద్దాయన వారం రోజులు మెట్లు తడుముకుంటూ దిగాడట. పెళ్ళై పద్నాలుగేళ్ళయింది, ఈ సంగతి నాకు ఇవాళ చెబుతున్నారు. ఇప్పటికీ ఆయన బల్ల మీద ఒక చీటీ అంటించి ఉంటుందట: పెట్టుకునేవాళ్ళ కుడి.

ఆయన పడుకోబోతూ హఠాత్తుగా అడిగారు. అవునూ, ఆ డ్రైవింగ్ మాస్టారు ఆ రోజు ఎటు నిలబడ్డాడు?

ఎదురుగా. నాకు ఎదురుగా నిలబడి ఎడమకి అని అరిచాడు.

తన ఎడమ చెప్పాడు. నేను నా ఎడమకి తిప్పాను. ఎనిమిదేళ్ళు. నేను సరిగ్గానే తిప్పాను.

మార్చి 19, బుధవారం

బ్యాగులోని ఉత్తరం చింపేశాను. చిన్న చిన్న ముక్కలుగా.

మార్చి 20, గురువారం

చెవి మాస్టారు మళ్ళీ వచ్చాడు, మొదటి రోజు కాగితం చూశాడు, రెండు తలుపుల అంచులూ రబ్బర్లు లాగి మరీ చూశాడు. రెండూ ఫ్యాక్టరీవే అన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, అమ్మా, మీ రాత నన్ను కూడా బోల్తా కొట్టించింది అన్నాడు.

సంతకాలు పెట్టాం. సాయంత్రం నాలుగు. ఆయన పక్కన కూర్చున్నారు. వెనక సీట్లో అత్తయ్య, సొట్ట తలుపు పక్కనే కూర్చుంటానని పట్టుబట్టి. గేటు దగ్గర క్లచ్ ముందే వదిలేశాను. ఇంజన్ ఆగిపోయింది. వాచ్‌మన్ చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు, మా ఆయన అద్దం దించి, మీరు దయచేసి ఏమీ చెప్పకండి అన్నారు. మళ్ళీ స్టార్ట్ చేశాను. గేటు దాటాం.

మొదటి మలుపు దగ్గర ఆయన ఎడమకి అన్నారు. వెనక నుంచి అత్తయ్య కూడా ఎడమకే అమ్మాయ్ అన్నారు. ముగ్గురం ఒకే వైపు చూస్తూ కూర్చున్నాం, ముగ్గురికీ ఎడమ ఒకటే. తిప్పాను. రోడ్డు ఉంది. కుండీలు లేవు. సంతోషంతో హారన్ కొట్టాను, అవసరం లేకపోయినా.

ఏప్రిల్ 1, మంగళవారం, ఉదయం 7.10

కారు నంబర్: 31
తీసుకెళ్ళేవారు: నేను
ఎడమ వెనక తలుపు: ఏమీ లేదు
కుడి వెనక తలుపు: సొట్ట (లోపల కూర్చుని చూశాను)
తిరిగి అప్పగించే తేదీ: ఈ గడి కొట్టేశాను