సోమవారం పట్టేసే ఛాతీ

కోయంబత్తూరు

అన్నయ్యకు నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వు క్షేమమా అని మాత్రం అడగను, కాదని మొన్న సోమవారం వీడియో కాల్‌లో చూశాను. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఫోన్లో చెబితే "నీ నర్సమ్మ కబుర్లు నా దగ్గర ఏందే" అని కట్ చేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. పొద్దస్తమానం చల్లగాలి, హాస్టల్లో చప్పటి సాంబారు. సాయంత్రమైతే ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అంతే, బాగానే ఉన్నాను. నాకు ఛాతీ వార్డులో డ్యూటీ వేశారు.

ఇక్కడి స్పిన్నింగ్ మిల్లులో ఏళ్ల తరబడి చేసిన పెద్దావిడ ఒకామె మా వార్డులో ఉంది. మంచినీళ్లు అడగాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి గాలి వదులుతుంది. పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతుంది. మొన్న నీకూ అదే గుంట, అవే పెదాలు. ఎప్పుడు మొదలైందని ఆమెను అడిగితే, "మొదట్లో సోమవారాలే తల్లీ, తర్వాత వారమంతా" అంది.

నీకూ సోమవారమే కదా! ఆదివారం సెలవు, హాయిగా ఉంటావు. సోమవారం చిలకలూరిపేట వెళ్లి మిల్లులో దూది బేళ్లు విప్పే గదిలో నిలబడితే సాయంత్రానికి ఛాతీ పట్టేస్తుంది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సెలవు తర్వాత దూది దుమ్ము మళ్లీ పీల్చిన మొదటి రోజే ఛాతీ ఎక్కువ పడుతుంది. దానికి మీరు పెట్టిన పేరు నెమ్ము! ఆదివారం తలంటు వల్లేనని పక్కింటి పెద్దమ్మ అంటే తలంటు మానేశావు. పెరుగు మానేశావు. ఆయాసం మానిందా? ఇప్పుడు దుమ్ము దిగిపోతుందని రోజూ బెల్లం తింటున్నావట. బెల్లం పోయేది కడుపులోకి, దూది దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండిటికీ దారి ఒకటి కాదు అన్నయ్యా.

మీ సూపర్‌వైజరేమో "ఆదివారం తాగింది ఇంకా దిగలేదంట్రా నీకు" అని అందరి ముందూ నవ్వాడని వదిన చెప్పింది. మందు ముట్టనివాడివి, నువ్వూ నవ్వి ఊరుకున్నావట. ఒళ్లు మండిపోయింది నాకు.

అన్నిటికంటే కోపం ఎందుకో తెలుసా? నువ్వు నరసరావుపేట డాక్టరు దగ్గరికి వెళ్లింది ఆదివారం. పని పోకూడదని! ఆయన గొట్టం పెట్టి చూసి శుభ్రంగా ఉందన్నాడు. ఉండదా మరి? జబ్బున్న రోజు మిల్లుకు, లేని రోజు డాక్టరు దగ్గరికి. ఇంకెవరికైనా తడుతుందా ఈ తెలివి?

సోమవారం పని దిగి, ఛాతీ పట్టేసి ఉండగానే వెళ్లు. ఊపిరి ఊదించి చూసే పరీక్ష చేయమను. మిల్లులో ఏ గదిలో చేస్తావో చెప్పు. ఇప్పుడు ఆ గది వదిలితే తగ్గుతుంది. వారమంతా పట్టేదాకా ఉంటే వదిలినా తగ్గదు. ఆ పెద్దావిడకు తగ్గలేదు.

వదినా, ఈ ఆదివారం అన్నయ్యకు తలంటు పోసి పెరుగన్నం పెట్టు. సోమవారం మిల్లుకు వెళ్లేదాకా ఛాతీ పట్టకపోతే అది నెమ్ము కాదని తేలిపోతుంది. వీలైతే గోంగూర పచ్చడి పంపు, కారం ఎక్కువగా.

పెద్దమ్మకు నమస్కారాలని చెప్పండి, కోపం లేదని కూడా. అన్నయ్యా, నీ కాళ్లకు మొక్కుతున్నాను. ఇది అందాక వచ్చే సోమవారం సాయంత్రం ఫోన్ చేసి "చల్లగా ఉండమ్మా" అని దీవించు. మధ్యలో ఊపిరి కోసం ఆగావా, తెల్లారేసరికి బయల్దేరి వస్తాను.

నీ చెల్లెలు,
నాగమణి