ఇసుక దిబ్బల కాడ తాబేలు

అక్కా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాదాయె. సంవత్సరీకం చేసినంక ఇంట్ల ఉండబుద్ధి కాలే. మనిద్దరం పోదామనుకున్న కారవాన్ బండినే డ్రైవర్‌తోని కిరాయికి మాట్లాడుకొని, నేనొక్కదాన్నే హన్మకొండ నుంచి బాపట్ల సముద్రానికొచ్చిన. బండిల రెండు పరుపులున్నయి. నీ పరుపు మీద నా బ్యాగు పెట్టుకున్న.

పొద్దుగాల ఇసుక దిబ్బలెక్కిన. నా అడుగుల సప్పుడుకు చిన్నచిన్న ఎర్ర ఎండ్రికాయలు బొక్కలల్ల దూరినయి. దిబ్బ దిగంగనే ఒక పెద్ద తాబేలు కనబడ్డది. తెగిన వల మెడకు సుట్టుకొని కదలలేక పడున్నది. డ్రైవరన్నను పిలిస్తే బండిలకెళ్లి కూరగాయల కత్తి తెచ్చిండు. నేను తాబేలును గట్టిగ పట్టుకున్న, ఆయన ఒక్కొక్క పోగు కోసిండు.

"అయ్యో, ఏడుస్తాందమ్మా" అన్నడు. నిజంగనే దాని కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి.

"ఏడుపు కాదన్నా, ఒంట్ల ఎక్కువైన ఉప్పును అట్ల బయటికి పంపుతది" అన్న. నువ్వు హసన్‌పర్తి బడిల ముప్పై ఏండ్లు చెప్పిన పాఠమే అది. చెప్పుడైతే చెప్పినవు గని, సముద్రాన్ని ఒక్కసారి గూడ చూడకపోతివి.

"మీకెట్ల ఎరుకమ్మా?"

"మా అక్క సైన్స్ టీచర్."

తాబేలు మెల్లగ పాక్కుంట నీళ్లల్లకు పోయింది. అది కనబడకుంటయినంక గూడ నేను ఆడ్నే నిలబడ్డ.

"మల్లచ్చినప్పుడు అక్కను గూడ తోల్కరాండ్రి, మస్తు ఖుషైతది" అన్నడు డ్రైవరన్న.

నువ్వు లేవని చెప్పుడు నాతోని కాలే.

"సరే అన్నా, తోల్కొస్త" అన్న.

నీ చెల్లె