ఆదివారం ఇన్‌కమింగ్

కోయిలకుంట్ల
సోమవారం

ప్రియమైన ఓబుళేశు బావకు,

నువ్వు చెప్పినట్టే బస్టాండు దగ్గర ఫర్హానా అంగడికి పోయి రీచార్జ్ సంగతి అడిగాను. ప్యాకు అయిపోవస్తోందని మెసేజ్ మీద మెసేజ్ వస్తోంది. ఈ నంబరు ఆగిపోతే నీకు మాతో మాట్లాడే దారి ఉండదు. జైల్లో నువ్వు రాయించింది ఇదొక్కటే. ఇంకోటి రాయించాలంటే మా సంతకాలు, పోలీసుల విచారణ, అంతా మళ్ళీ మొదటికొస్తుందట.

ఫర్హానా నెమ్మదైన పిల్ల. "నీ అవసరం చెప్పక్కా, దానికి తగ్గ ప్యాకు చూస్తా. నెట్టు వాడతావా? దినామూ ఎవురెవురికి చేస్తావు?" అని అడిగింది. "నేనెవురికీ చేయను. ఆదివారం కడప నుంచి ఒక ఫోనొస్తాది. అంతే" అన్నాను. ఆ మాట వినగానే చేతిలో పని ఆపి నన్నే చూసింది.

నెట్టు లేకుండా ఒట్టి మాటల ప్యాకులున్నాయట. మూడు నెలలది ఒకటి, ఏడాదిది ఒకటి. నెట్టుంటే ఆడది చెడిపోతుందన్నావు కాబట్టి నీకు ఇవే నచ్చుతాయి. ఏది వేయించాలో ఆదివారం చెప్పు.

నిన్న నువ్వు ఫోను నా చెంప దగ్గర పెట్టించి, "అమ్మా, కొట్టు. నాకు వినపడాల" అంటే అత్త కొట్టింది. "ఇంగొకటి" అన్నావు. ఇంకొకటి కొట్టింది. రెండూ నీకు బాగానే వినపడి ఉంటాయి. గడ్డివామిలో నువ్వు దాచిన కొడవలిని పోలీసులకు చూపించినందుకు ప్రతి ఆదివారం దెబ్బ తినమన్నావు. తింటూనే ఉన్నాను. ఆరోగ్యం చూసుకో.

ఇట్లు
నీ మాట దాటని
మధులత

*

కోయిలకుంట్ల
మంగళవారం

బావా,

కుడి చెవిలో దూది పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ చెవికి ఇక వినపడదని డాక్టరు చెప్పాడు.

ముందు ఉత్తరం రాశాక వచ్చిన ఆదివారం, అంటే మొన్న, అత్త కొట్టగానే నువ్వు, "చప్పుడు తేడాగా ఉండాది. ఫోను భూపేషుకియ్యి. ఒరే, నువ్వు కొట్టరా" అన్నావు. నీ తమ్ముడు వెనకాముందూ చూడలేదు. వాడి దెబ్బకు నేను పోయి గడప మీద పడ్డాను. చెవిలోంచి రక్తం కారి రవికె తడిసింది. నువ్వేమో నవ్వావు. "ఆ, దెబ్బంటే ఇదీ! ఏడాది ప్యాకే వేయించు. ఏడాది పొడుగునా ఇట్లే వినాల నేను" అన్నావు. ఆ చెవితో నేను చివరగా విన్నది ఆ మాటే.

ఇప్పుడు నువ్వు వినాల్సింది నేను చెప్తాను. అత్త నన్ను నిజంగా కొట్టింది మొదటి రెండు ఆదివారాలే. మూడోసారి నువ్వు కొట్టమన్నప్పుడు ఎత్తిన చేతిని తన తొడ మీదే దించుకుంది. నా వైపు చూసి కళ్ళతోనే అరవమంది. నేను అరిచాను. అప్పటి నుంచి ప్రతి వారం అంతే. నీళ్ళు పోసేటప్పుడు చూశాను, ఆమె తొడ కమిలి నల్లగా అయిపోయింది. ఇన్నాళ్ళూ నువ్వు చెవికి ఆనించుకుని సంతోషపడింది మీ అమ్మ ఒంటి మీద పడిన దెబ్బలకు బావా.

భూపేషు రెండోసారి చెయ్యెత్తినప్పుడు అత్త మూలనున్న రోకలి తీసింది. ఆ చేతి మీదే వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఎడమ చెవితో వినపడింది. నీకు వినపడలేదు, అప్పటికే నీ టైమయిపోయి ఫోను ఆగిపోయింది. వాడు నేల మీద పడి దొర్లుతుంటే, "పెద్దోడు మంది చేతులు నరికె. చిన్నోడు ఆడదాని మీద చెయ్యెత్తె. ఇంగొక్క మాటు దాన్ని ముట్టుకుంటే రెండోదీ ఇరగ్గొడతా. పోరా నా ఇంట్లోంచి!" అని అత్త అరిచింది.

కొడవలి ఎందుకు చూపించావని నువ్వు ఒక్కసారన్నా అడగలేదు. బోరు నీళ్ళ కోసం నువ్వు మన పక్క చేను ఏసన్న చెయ్యి నరికిన పొద్దున నేను సద్ది తీసుకుని చేనికి వస్తున్నాను. తెగిన చెయ్యి కాలవలో పడి ఉంది. ఏసన్న పెండ్లాం దాన్ని నీళ్ళలోంచి తీసి, కొంగులో చుట్టుకుని, "అతికిస్తారా అక్కా? అతుకుతాది కదా?" అని నన్నే అడిగింది. ఆమెకు నేనేం చెప్పాలి? సాయంత్రం పోలీసులొస్తే వామి వైపు చెయ్యి చూపించాను. ఈ రోజు అడిగినా అదే చూపిస్తాను.

జైలు సార్లు ఉత్తరాలు చదివి గానీ మీకు ఇవ్వరని తెలుసు. చదవనీ. వాళ్ళూ చదవాలనే విడమరిచి రాస్తున్నాను.

ఇట్లు
మధులత

*

కోయిలకుంట్ల
బుధవారం

ఓబుళేశు బావకు,

ఏడాది ప్యాకు వేయించలేదు. మూడు నెలలదీ వేయించలేదు.

అత్తను వెంటబెట్టుకుని ఫర్హానా దగ్గరికి పోయాను. నా చెవి దూది చూసి ఆ పిల్ల అత్తకు స్టూలు వేసింది. "ఏమీ ఎయ్యకపోతే ఏమైతాది పాపా?" అని అడిగింది అత్త.

"ముందు మీరు చేసే ఫోన్లు ఆగిపోతాయవ్వా. కొన్నాళ్ళకు వచ్చేటివీ ఆగిపోతాయి."

"ఆడినుంచి ఎవురన్నా చేస్తే?"

"ఈడ మోగదు."

అత్త ఆ స్టూలు మీద శానాసేపు కూర్చుంది. నేను తొందర పెట్టలేదు. వారమంతా ఆమె ఎదురుచూసేది నీ గొంతు కోసమే. నువ్వు ఫోను చేస్తావని ఆదివారం పొద్దున్నే తలంటుకునే మనిషి. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని, "మా అవసరానికి అదే సరిపోతాది. పా పోదాం" అని లేచింది.

నీకు అమ్మ లేకుండా పోదు. ములాఖత్‌కు తనే వస్తానంది. ఊచల అవతల నిలబడి ఎంతసేపైనా మాట్లాడుకో. అక్కడ నేనుండను. భూపేషు చేతికి కట్టుతో ఎర్రగుంట్లలో ఎవరో లారీ వాళ్ళ దగ్గర చేరాడట. ఇంటికి రాలేదు. నువ్వు పెరోలు మీద వస్తే చంపుతావని నాకు తెలుసు. రోకలి తలుపు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాం. దాన్ని ఎత్తడానికి ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.

నా చెవి పోయిన తర్వాతి ఆదివారానికి ఇంకా ఇన్‌కమింగ్ ఆగలేదు. నువ్వు చేశావు. ఫోను మంచం మీద ఉంది, అటు అత్త, ఇటు నేను. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అత్త చెయ్యి ముందుకు పోయింది. "నీ కొడుకు, నీ ఇష్టం అత్తా" అన్నాను. నిజంగానే అన్నాను, ఎత్తినా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోను మోగుతున్నంతసేపూ, "ఓబుళేశూ, నాయనా" అని ఏడుస్తూ ఆ కమిలిన తొడ మీదే ఠపా ఠపా కొట్టుకుంది. ఇంతకు ముందెప్పుడూ అంత గట్టిగా కొట్టుకోలేదు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

అది నీకు వినపడలేదు.

మధులత