మాకు రెండు పూటల బడి కావాలి

రాజోలు తాలూకా,
మార్చి 1976

సమితి విద్యాధికారి గారికి పంతులమ్మ నమస్కరించి రాయునది.

ఒంటిపూట బడి పెట్టగానే మధ్యాహ్నాలు నాకు ఖాళీయేనని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు నెలకు ఐదుగురిని తెమ్మన్నారు. ఎండలో ఇంటింటికీ తిరుగుతున్నాను. బడి రిజిస్టరులో తండ్రి పేరు కూడా ఉంటుంది కదా, అది ఆపరేషన్ల జాబితాయే అనుకున్నారు ఊళ్లోవాళ్లు. కొబ్బరికాయలు దింపే తాతబ్బాయి, “మా పిల్ల పేరు కొట్టేయండి పంతులమ్మగారూ, దాని పక్కన నా పేరుందంటండి!” అని చేతులు జోడించాడు. అందరూ పిల్లల్ని మాన్పించేశారు. పిల్లలు రావడం లేదేమని ఇప్పుడు మీరే నన్ను సంజాయిషీ అడిగారు.

దయచేసి మా బడి రెండు పూటలూ నడపనివ్వండి. ఎండకు పిల్లలు ఇబ్బంది పడతారన్న చింత అక్కర్లేదు. ఈవేళ హాజరు పిలిస్తే పలికింది మా అమ్మాయి ఒక్కతే.

ఇట్లు,
విధేయురాలు