గడప నుంచి గడపకు

వదినగారికి, క్షేమంగా చేరాను. పాప ఫోన్‌లో ఇక నా మాట నమ్మనంది, అందుకే ఈ కార్డు.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం పదకొండు వందల కిలోమీటర్లు. విమానం సరిగ్గా రెండు గంటల్లో దిగింది. పాప మాత్రం నేను మీ గడప దాటినప్పటి నుంచి గడియారం చూస్తూ కూర్చుందట. దిగగానే ఫోన్ చేస్తే, "రెండు గంటలన్నావుగా నాన్నా! ఐదు గంటలు పట్టిందేం?" అని ఏడ్చింది. పక్క సీటు పెద్దావిడ విని, "పిల్లలకు విమానం లెక్క చెప్తారటయ్యా? గడప నుంచి గడపకు చెప్పాలి గానీ!" అని నన్ను మందలించింది.

ఆపరేషన్ రోజున, అమ్మ రెండు గంటల్లో బయటికొస్తుందని దానికి చెప్పిందీ నేనే. ఆవిడ రాలేదు. ఇక దాని దగ్గర గంటల మాట ఎత్తకండి.

పాపకు దగ్గు తగ్గిందా? మందు సీసా పొరపాటున నా సంచిలో వచ్చేసింది, మరొకటి కొనండి. జడ వదులుగా వేయండి, వాళ్లమ్మ అలాగే వేసేది. అన్నయ్యగారికి నమస్కారాలు.

పదిహేనో తేదీ ఆదివారం, పాప రాత్రి అన్నానికి కూర్చునేసరికి నాన్న పక్కనుంటాడని చెప్పండి. సాయంత్రం విమానమైనా సరిపోయేది. నేను పొద్దున్నదానికే టికెట్ తీసుకున్నాను.