చొక్కాలో దాచిన లాటిన్ పుస్తకం

ఒహైయో, నవంబరు 1838

అమ్మా,

నేను కులాసా. కాలేజీలో చేర్చుకున్నారని చెల్లి టామర్ ఇది చదివి చెప్పగానే ఏడవకు. పరీక్షనాడు లాటిన్ చదువుకుంటుంటే తెల్ల ఆచార్యుడు గదిలోకి వచ్చాడు. బానిసగా ఉండగా చదువుతూ దొరికితే కొరడా దెబ్బలు తిన్న నాటి అలవాటు, పుస్తకం చొక్కాలో దూర్చేశాను!

"చదవాల్సింది దాచేస్తే ఎట్లాగయ్యా?" అన్నాడు.

"తమరు లాక్కుంటారనుకున్నానండీ" అన్నాను. పరీక్షకు వచ్చినవాళ్లందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తీసి రెండు పుటలు తడబడకుండా చదివాను.

ఇక్కడ చలి కొరికేస్తోంది, ఉన్ని మేజోళ్లు పంపు. చలికాలం నిలవకు పంది మాంసానికి పొగ పెట్టారా? నాన్న మోకాలు ఎలా ఉంది? అడిగినవాళ్లందరికీ నా దండాలు.

దొర మనకు బానిసత్వం నుంచి విడుదల ఇచ్చి నాలుగేళ్లయింది. ఆనాడు దొర కంటబడకుండా దాచిన బైబిలు ఇంకా పిండి పీపాలోనే ఉందా? దులిపి, బాటన పోయేవాళ్లకు కనబడేలా కిటికీలో పెట్టు.

నీ కొడుకు,
ఏబ్నర్